స్టీరింగుకి ఎర్రగుడ్డ లేదు

మిన్నెసోటాలో మే నెల. మంచు పోయింది కానీ బురద పోలేదు. సోల్వే ఇంటి పక్కన నిలిపి ఉన్న మోటార్‌హోమ్‌లో, అంటే మంచం, వంటగట్టు ఉన్న ప్రయాణాల బండిలో, మంచం మీది పరుపు ఎత్తి, కింది చెక్కమూత తీసి, నీళ్ళ పంపుండే ఆ గూట్లో తల దూర్చి బోర్లా పడుకున్నవాడు హాల్వర్. ఆమెకు మరిది, పక్కింటివాడు. పెళ్ళి చేసుకోలేదు, జిల్లా దాటలేదు, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. వంటగట్టు కుళాయి దగ్గర నించున్నది సోల్వే. ఆమె భర్త ఎర్లింగ్ నిరుడు సెప్టెంబరులో పోయాడు. మిగతాది వాళ్ళిద్దరి మాటల్లోనే ఉంది, కొంత మాట్లాడకపోవడంలో కూడా ఉంది.

“తిప్పాను. రావట్లేదు.”

“కట్టెయ్ వదినా.”

“కట్టేశాను. ఏం కనబడిందక్కడ?”

“చూస్తున్నా.”

“అరగంట నించీ చూస్తూనే ఉన్నావు. లోపలేమన్నా సినిమా ఆడుతోందా?”

“టార్చి కొంచెం ఇటు పట్టు. ఇటు కాదు. అటు.”

“మళ్ళీ తిప్పనా?”

“వద్దు. అంటే... తిప్పు. ఒక్కసారి తిప్పు.”

“ఇదుగో. పంపు గుర్రుమంటోంది, కుళాయి బుస్సుమంటోంది. నీళ్ళు మాత్రం లేవు. విన్నావా?”

“విన్నా. ఫ్యూజు పోయిందేమో.”

“ఏంటి?”

“ఫ్యూజు. ముందుకెళ్ళి చూసొస్తా.”

“హాల్వర్, ఫ్యూజు పోతే పంపు తిరుగుతుందా?”

“తిరగదు.”

“ఇది తిరుగుతోందా?”

“తిరుగుతోంది.”

“మరి రోగమొకటి, మందొకటీనా? ఈ చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ నీ చేతిమీదుగానే బాగుపడ్డాయి. ఫ్యూజంటావేంటి?”

“ట్రాక్టరు వేరు, ఇది వేరు. ట్యాంకులో నీళ్ళున్నాయా అసలు?”

“పొద్దున్నే పైపు పెట్టి నింపాను. పొర్లిపోయేదాకా నింపాను. నువ్వు మీ గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నావు.”

“చూళ్ళేదు.”

“చెయ్యూపావు.”

“ఆఁ, అప్పుడు చూశా.”

“ఇదేంటి, తొట్టిలో ఈ చుక్క? గులాబీ రంగులో ఉంది.”

“ఏదీ?”

“కుళాయి బుస్సుమన్నప్పుడు చిమ్మింది.”

“తుప్పయ్యుంటుంది. తుడిచెయ్యి.”

“గులాబీ రంగు తుప్పు. అరవై ఆరేళ్ళొచ్చాయి, ఇప్పటిదాకా చూడనేలేదు.”

“ఒక్కోచోట ఒక్కో రంగులో ఉంటుందొదినా. తుడిచెయ్యి.”

“సరే, తుడిచేశాను. కాఫీ తాగుతావా?”

“వద్దొదినా.”

“ఫ్లాస్కులో వేడిగా ఉంది, తాగు.”

“నీకెందుకు శ్రమ.”

“పోస్తున్నా.”

“సరే. సగం కప్పు.”

“మీ ఇంటివాళ్ళంతా ఇంతే. రెండుసార్లు వద్దనాలి, మూడోసారికి సగం కప్పు అనాలి. ఎవరు నేర్పారయ్యా మీకిది?”

“మా అమ్మ. అయినా మా ఒక్కళ్ళకేనా? చర్చిలో కేకు ముక్క దగ్గర ఊరంతా అంతేగా. రెండోసారికే పుచ్చుకుంటే కక్కుర్తనుకుంటారు.”

“మూడోసారి ఎవరూ అడక్కపోతేనో?”

“అడక్కపోతే ఆకలితో ఇంటికెళ్ళడమే.”

“నవ్వుతావేం? నువ్వెళ్ళే రకమే. ఇదుగో, నిండా పోశాను.”

“వదినా, పొద్దున ఆ స్టీరింగు దగ్గర ఏమన్నా సర్దావా?”

“సర్దడానికి అక్కడేముంది?”

“ఏం లేదు. ఊరికే అడిగా.”

“ఊరికే అడిగే అలవాటు నీకెప్పట్నించీ?”

“పానా ఇలా ఇవ్వు. జాలీ విప్పి చూస్తా. చెత్త అడ్డం పడుంటుంది.”

“ఇదుగో. తొందరగా చూడు. డెలానీ ఫోన్ చేస్తుంది.”

“ఎవరు?”

“పార్కులో రేంజరమ్మ. రాత్రి భోజనం దగ్గర చెప్పానా లేదా? నువ్వు బంగాళాదుంపలు నములుతూ ఊఁ కొట్టావు.”

“ఆఁ, ఆవిడా.”

“ఆవిడే. పదకొండింటికల్లా మాటివ్వమంది. గుడారాలేసుకునేవాళ్ళకి చోటు చూపించడానికి, కట్టెలమ్మడానికి వేసవంతా అక్కడ మనిషుండాలి. ఏటేటా నేనూ మీ అన్నయ్యా చేసిన పనే. ఇవాళ రానంటే వెనక ఇంకో జంట కాచుకునుంది, వాళ్ళకిచ్చేస్తుంది. ఇచ్చిందంటే ఇక తిరిగిరాదు.”

“నీళ్ళు లేకపోయినా వెళ్ళొచ్చుగా? పక్కనే సముద్రమంత సరస్సుంది.”

“మాకిచ్చే చోట కుళాయి లేదు. బండిలో నీళ్ళొస్తేనే రమ్మంటారు. అది వాళ్ళ రూలు.”

“ఓ వారం ఆగమని చెప్పు.”

“శనివారం పార్కు తెరుస్తుంటే వారం ఎక్కడాగుతుంది?”

“ఆగకపోతే ఇక్కడే ఉండొచ్చుగా. ఇల్లుందిగా.”

“ఏమన్నావు?”

“ఏమన్లేదు. జాలీ శుభ్రంగానే ఉంది.”

“ఇల్లుందిగా అన్నావు. ఉంది. ఆ ఇంట్లో ఆయన కుర్చీ ఉంది. చలికాలమంతా దానికెదురుగా కూచున్నాను. ఈ వేసవి కూడా దానికెదురుగా కూచోమంటే నాకు పిచ్చెక్కుతుంది హాల్వర్. మాటవరసకి అనట్లేదు. అందుకే ఒట్టేసుకున్నా. ఇవాళ నీళ్ళొస్తే వెళ్తాను. రాకపోతే ఈ బండి అమ్మేస్తాను, మళ్ళీ దీని మొహం చూడను.”

“అమ్మేస్తావా?”

“కొనేవాణ్ణి మా అబ్బాయి చూసిపెట్టాడు. ఫోన్ చేస్తే సాయంత్రానికి తోలుకుపోతాడు.”

“అన్నయ్య అంత మోజుపడి కొన్న బండి.”

“అందుకే. కదలకుండా పడుంటే చూళ్ళేను.”

“అబ్బా.”

“ఏమైంది?”

“తల తగిలింది. ఏం లేదు.”

“మీ వంశంలో ఏమైనా ‘ఏం లేదే’. ఉండు, ఫోన్ వస్తోంది. హలో. ఆఁ, సోల్వేనేనమ్మా. లేదు, ఇంకా బయల్దేరలేదు. పంపు మొరాయించింది. మా మరిది చూస్తున్నాడు. మంచివాడే, పనిమంతుడే, కానీ ఇవాళెందుకో చెయ్యి సాగట్లేదు. పదకొండింటికి ఖాయంగా చెబుతా. నువ్వే చెయ్యి. ఆఁ, అదీ అప్పుడే చెబుతా. ఒకరా ఇద్దరా అన్నది. సరేనమ్మా.”

“ఇద్దరేంటి?”

“ఏంటి?”

“ఒకరా ఇద్దరా అన్నావు.”

“వాళ్ళడిగారు, నేను చెబుతానన్నాను. నీకెందుకు, నువ్వు పంపు చూడు.”

“చూస్తున్నా.”

“నాకో అనుమానం వస్తోంది హాల్వర్.”

“ఏంటి?”

“వాల్వేమో.”

“ఏ వాల్వు?”

“పంపు పక్కనే, నీ ముక్కుకెదురుగా ఉండేది. చలికాలానికి బండి మూసేటప్పుడు మీ అన్నయ్య దాన్ని ట్యాంకు వైపు నించి ఇవతలకి తిప్పేవాడు. ఆ చిన్న గొట్టం డబ్బాలో పెట్టి, పంపు తోటే మందు లాగించి పైపులన్నిట్లో నింపేవాడు, గడ్డకట్టి పగలకుండా. గులాబీరంగు మందు.”

“ఆఁ. అవును.”

“వసంతంలో దాన్ని మళ్ళీ ట్యాంకు వైపు తిప్పడం మర్చిపోతే పంపు ఎంత తిరిగినా గాలే లాగుతుంది. అవునా?”

“అంతే మరి.”

“మర్చిపోకుండా ఏం చేసేవాడో గుర్తుందా?”

“ఏదో చేసేవాడు.”

“స్టీరింగుకి ఎర్రగుడ్డ కట్టేవాడు. వాల్వు తిప్పందే గుడ్డ విప్పకూడదు, గుడ్డ విప్పందే బండి కదలకూడదు. పొద్దున స్టీరింగుకి గుడ్డ చూశావా నువ్వు?”

“లేదు. గుడ్డ లేదు.”

“అంటే వాల్వు ట్యాంకు వైపే ఉన్నట్టు.”

“అంతేగా.”

“దాన్ని చూడక్కర్లేదంటావు.”

“అక్కర్లేదు.”

“అంత గట్టిగా చెప్పకపోతేనేం, ఓసారి చేత్తో తడిమి చూడొచ్చుగా.”

“చూశాలే వదినా. బాగానే ఉంది. పైపే ఎక్కడో పగిలుంటుంది. మొన్న చలికాలంలో మైనస్ ముప్పై దాటింది. సామాను తెప్పించాలి. రెండు వారాలు పడుతుంది.”

“పైపు పగిలితే అరగంట నించీ తిరిగే పంపుకి ఈపాటికి మన కాళ్ళ కింద చెరువయ్యేది. చాప తడి కూడా లేదు.”

“అయితే పంపు లోపలే బీటేసిందేమో. కొత్తది వెయ్యాలి.”

“ఓహో. మైనస్ ముప్పైలో పంపొక్కటే బీటేసింది, ఇంత సన్నం పైపులు మాత్రం చెక్కుచెదర్లేదు.”

“ఒక్కోసారి అలా...”

“హాల్వర్, మందు పొయ్యని బండి ఈ ఊళ్ళో చలికాలం గడుపుతుందా?”

“గడపదు.”

“అన్నీ పగలాలి కదా?”

“పగలాలి.”

“మరెందుకు పగల్లేదు?”

“మందు పోసుంటే పగలవు.”

“ఎవరు పోశారు?”

“అన్నయ్యే పోసుంటాడు. ముందుచూపు మనిషి. పోయేముందే పోసుంటాడు.”

“పార్కు నించి ఈ బండిలోనే తిరిగొచ్చాం. ఆ పొద్దున ఈ కుళాయి నీళ్ళతోనే ఆయన గడ్డం గీసుకున్నాడు. వారం తిరక్కుండా పోయాడు. బయట అప్పటికింకా ఎండలు కాస్తున్నాయి. ఎండల్లో పోశాడా మందు?”

“ఏమో వదినా. పోశాడేమో.”

“పోశాడేమో.”

“ఆఁ.”

“చనిపోయినవాడి మీద పెట్టేస్తే పనైపోతుంది, వచ్చి కాదనడుగా.”

“నేనలా అన్లేదు.”

“కప్పు పక్కన పెట్టి ఇటు చూడు. ఆ మంచం కింద నించి తల తియ్యి. నీ మొహం చూడకుండా నేనీ మాట చెప్పలేను. ఆ వారం మీ అన్నయ్యకి మూడు రోజులు గుండెలో నొప్పి. తెలుసా నీకు?”

“తర్వాత తెలిసింది.”

“నాకూ తర్వాతే తెలిసింది, ఆస్పత్రిలో డాక్టరు చెబితే. పక్కన పడుకునేదాన్ని నేను. ఒళ్ళెందుకలా ఉందంటే ఏం లేదన్నాడు. తిన్నది అరగలేదన్నాడు. నన్ను కంగారు పెట్టకూడదట. లోకంలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదంటారు. మీ అన్నదమ్ముల నోట్లో నానడమేంటి, మొలకెత్తి కాయ కాసినా బయటికి రాదు.”

“వదినా...”

“పెద్దమనుషులనుకుంటారు మిమ్మల్ని ఊళ్ళో. ఒకరికి భారం కారు, ఒకరిని ఏదీ అడగరు అని. ఆ పెద్దరికమే నా మొగుణ్ణి మింగింది. మూడు రోజుల్లో ఏ పూట నోరు తెరిచినా నేను కారు తీసేదాన్ని. బతికేవాడు. చలికాలమంతా ఆ కుర్చీతో నేననే మాట ఇదే. చెప్పుంటే బతికేవాడివి కదయ్యా అని.”

“ఏడవకు వదినా.”

“ఏడవట్లేదు. కోపంగా ఉంది. పదకొండవుతోంది. ఇంకేమన్నా ఉందా చెప్పడానికి, లేక మా అబ్బాయికి ఫోన్ చెయ్యనా?”

“ఆగు.”

“ఆగాను.”

“ఫోన్ చెయ్యకు.”

“చెయ్యకపోతే ఏం చెయ్యను?”

“వాల్వు... వాల్వు మందు వైపే ఉంది.”

“ఎప్పుడు చూశావు?”

“పొద్దున. తల పెట్టంగానే.”

“తల పెట్టంగానే.”

“తల పెట్టకముందే తెలుసు. నేనే తిప్పాను దాన్ని. అక్టోబరులో. తొలి గడ్డకట్టే చలి వస్తోందని రేడియోలో చెప్పారు. బండిని ఎవరూ ముట్టుకోవద్దన్నావు నువ్వు. అడిగితే ఏడుస్తావని అడగలేదు. అన్నయ్యిచ్చిన రెండో తాళంచెవి నా దగ్గరుంది. నువ్వు చర్చికెళ్ళాక వచ్చి మందు పోశా.”

“ఇవాళ పొద్దున్నే ఆ మాట ఎందుకు చెప్పలేదు?”

“చెబుదామనే వచ్చా.”

“మరి?”

“గుమ్మంలో నీ పెట్టె చూశా. చిన్న పెట్టెనుకున్నా. పెద్ద పెట్టె సర్దావు.”

“అయితే?”

“అయితే ఏముంది.”

“చెప్పు హాల్వర్.”

“సాయంత్రమైతే మీ వంటింట్లో లైటు వెలుగుతుంది. నేను బూట్లేసుకుని వస్తా. ఏదో ఒకటి వండుతావు, తిడతావు, తింటాం. ఎనిమిది నెలలు. అంతకుముందు నా ఇంట్లో నేనొక్కణ్ణే తిన్నానా, ఎన్నడూ ఏమనిపించలేదు. ఇప్పుడు... నీళ్ళొస్తే వెళ్ళిపోతావని చెప్పలేదు. అంతే. తప్పే.”

“తప్పే.”

“అమ్మేస్తానన్నాక భయమేసింది. అంతదాకా పోతుందనుకోలేదు. ఉండు, తిప్పేస్తా. టార్చి పట్టు. అయింది. కుళాయి తిప్పు.”

“తిప్పాను.”

“వస్తోందా?”

“గాలి. గాలి. ఆఁ, వచ్చింది. గులాబీ.”

“పోనీ. ఇంకాసేపు వదిలెయ్.”

“తేలికవుతోంది రంగు. నీళ్ళు. హాల్వర్, నీళ్ళు.”

“అదుగో, పంపు ఊపిరి కూడా మారింది. కట్టెయ్, దానంతటదే ఆగుతుంది. ఆగిందా? చాలు. రెండో కుళాయి కూడా తిప్పి మందంతా కడిగేసెయ్. సాయంత్రానికి చేరిపోతావు.”

“చేరిపోతాను.”

“టైర్లలో గాలి నేను నిన్నే చూశా. దార్లో కొండెక్కేచోట మెల్లిగా పోనివ్వు.”

“అలాగే.”

“నాకొకటే అర్థం కావట్లేదొదినా.”

“ఏంటి?”

“గుడ్డ. కట్టా నేను. మందు పోశాక స్టీరింగుకి కట్టే దిగా. అన్నయ్య ముడి ఎలా వేస్తాడో అలాగే వేశా, ఆయనే కట్టాడనుకుంటావని. పొద్దున చూస్తే లేదు. అడుగుదామంటే దొరికిపోతా. ఎలకలు లాక్కెళ్ళాయా అంటే ముక్కైనా ఉండాలి.”

“ఎలకలు కాదు.”

“మరి?”

“నా ఏప్రన్ జేబులో ఉంది. ఇదుగో.”

“వదినా.”

“ఆ ఆదివారం నేను చర్చికి పోలేదు. కారు మా చెల్లెలు తీసుకెళ్ళింది. వంటింటి కిటికీలోంచి చూస్తూ నించున్నా. నువ్వు అటూ ఇటూ చూసుకుంటూ, దొంగలా, రెండు డబ్బాలు మోసుకుంటూ వచ్చావు. పనయ్యాక తలుపు తడతావని కాఫీ పెట్టాను. తట్టలేదు. చల్లారిపోతే పారబోశాను.”

“అక్టోబరు నించీ తెలుసా నీకు?”

“తెలుసు. ఇవాళ తెల్లారగట్ల గుడ్డ నేనే విప్పాను.”

“అన్నీ తెలిసి నన్నీ మంచం కింద బోర్లా పడుకోబెట్టావా?”

“గుడ్డ ఉండుంటే రెండు నిమిషాల్లో వాల్వు తిప్పేసి, ‘జాగ్రత్తొదినా’ అని చెయ్యూపి పోయేవాడివి. బెల్లం కొట్టిన రాయిలా ఇంట్లో కూచునేవాడివి. వేసవి మధ్యలో నీకేమన్నా అయితే ఏ డాక్టరో నాకు ఫోన్లో చెప్పేవాడు. ఇంకోసారి నావల్ల కాదు.”

“నేను నోరు తెరవకపోతే?”

“అమ్మేసేదాన్ని. పంతానికి కాదు. నోరు తెరవని మనిషిని పక్కింట్లో వదిలి అంత దూరం పోలేను, ఇక్కడే ఉండి ఆ కుర్చీని చూళ్ళేను. ఏదో ఒకటి తేలాలి.”

“ఫోన్ మోగుతోందొదినా.”

“వింటున్నా. డెలానీ. నీళ్ళొచ్చాయని తనకి చెబుతాను. రెండోది ఒకటి అడుగుతుంది. ఒకరా, ఇద్దరా అని.”

“నాకెందుకొదినా అవన్నీ. జిల్లా దాటి ఎరగను. నువ్వు వెళ్ళిరా.”

“బయట నీ ట్రక్కుంది. దాని వెనక పడుకోవడానికి చోటుంది. కట్టెలు కొట్టే మనిషి కావాలి వాళ్ళకి. ఊళ్ళోవాళ్ళు నోరు నొప్పెట్టేదాకా అనుకుని ఊరుకుంటారు.”

“నీకు శ్రమ...”

“నాతో పార్కుకి రమ్మని క్రిస్మస్‌కి అడిగాను, వద్దన్నావు. ఈస్టర్‌కి అడిగాను, శ్రమన్నావు. ఇది మూడోసారి హాల్వర్. ఇదుగో ఫోన్. ఎంతమందిమో నువ్వే చెప్పు.”